‘ప్రోత్సాహం’ అనే మాట, పాఠశాల మౌనం: బ్రిటన్‌లో సెక్షన్ 28 చరిత్ర (1988–2003)

ఉపోద్ఘాతం

చట్టాల చరిత్రను సాధారణంగా శిక్షల చరిత్రగా రాయడం పరిపాటి. ఎందరిని బోనెక్కించారు, ఎందరిని చెరసాలకు పంపారు అన్న లెక్కలే ఒక చట్టం బలానికి కొలమానాలవుతాయి. ఆ కొలమానంతో చూస్తే బ్రిటన్‌లో 1988 నుంచి 2003 వరకు అమలులో ఉన్న సెక్షన్ 28 ఏమాత్రం బలం లేని చట్టం. అది కొత్త నేరాన్నేదీ సృష్టించలేదు. దాని కింద ఒక్కరికి కూడా శిక్ష పడలేదు. అయినా పదిహేనేళ్లపాటు బ్రిటన్ బడుల్లో స్వలింగ ప్రేమ గురించి మాట్లాడడానికి ఉపాధ్యాయులు వెనుకాడారంటే అందుకు ఈ చట్టమే ప్రధాన కారణం. శిక్ష లేని శాసనం ఇంతటి మౌనాన్ని ఎలా సాధించిందన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. ఆ శక్తి చట్టంలోని నిషేధం కంటే, అందులో నిర్వచనం లేకుండా వదిలిన ‘ప్రోత్సహించు’ అనే క్రియాపదంలో ఉన్నదని, అందువల్లనే చట్టం రద్దయిన వెంటనే మౌనం తొలగిపోలేదని నిరూపించడం దీని ఉద్దేశం.

ముందుగా పరిభాష గురించి ఒక మాట. తెలుగు పత్రికల్లో స్థిరపడిన ‘స్వలింగ సంపర్కం’ అనే పదబంధం మనిషి జీవితాన్నంతటినీ ఒక శారీరక క్రియకు కుదిస్తుంది. పదమూడేళ్ల విద్యార్థి తన మనసు గురించి పడే సందిగ్ధాన్ని చెప్పడానికి ఆ మాట పనికిరాదు. అందుచేత ఇక్కడ ‘స్వలింగ ప్రేమ’, ‘స్వలింగ ప్రేమికులు’ అనే మాటలు వాడబడ్డాయి. లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్ వర్గాలను కలిపి చెప్పవలసినచోట ‘ఎల్‌జిబిటి’ అనే వ్యవహారమే స్వీకరించబడింది. ‘హోమోఫోబియా’లో భయం, ఏవగింపు, ద్వేషం మూడూ కలిసి ఉన్నందున దానిని ‘ద్వేషం’ అనే ఒక్క మాటతో అనువదించక యథాతథంగా ఉంచడమైనది.

పూర్వరంగం

ఇంగ్లండ్‌లో పురుషుల మధ్య లైంగిక సంబంధాన్ని రాజ్యం నేరంగా పరిగణించడం 1533 నాటి శాసనంతో మొదలైంది. ఎనిమిదవ హెన్రీ కాలపు ఆ శాసనం మరణశిక్ష విధించింది. ఆ శిక్ష చివరిసారిగా అమలైనది 1835లో. 1861లో మరణశిక్ష తొలగినా నేరం మిగిలింది. 1885 నాటి సవరణ దాని పరిధిని మరింత విస్తరింపజేసింది. ఆ సవరణ కిందనే 1895లో రచయిత ఆస్కార్ వైల్డ్‌కు రెండేళ్ల కఠిన కారాగార శిక్ష పడింది. గణితశాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ 1952లో దోషిగా నిర్ధారితుడయ్యాడు. 1957లో వెలువడిన వుల్ఫెండెన్ కమిటీ నివేదిక ఏకాంతంలో వయోజనుల పరస్పర సమ్మతి నేరం కారాదని సిఫారసు చేసింది. ఆ సిఫారసు చట్టమయ్యేందుకు పదేళ్లు పట్టింది. 1967 నాటి చట్టం ఇంగ్లండ్, వేల్స్‌లకు మాత్రమే వర్తించింది. స్కాట్లండ్‌కు 1980లో, ఉత్తర ఐర్లండ్‌కు 1982లో ఆ సడలింపు లభించింది.

1967 చట్టం స్వభావాన్ని గమనించడం అవసరం. అది ఇరవై ఒక్కేళ్లు నిండినవారికి, నాలుగు గోడల మధ్య మాత్రమే మినహాయింపు ఇచ్చింది. స్వలింగ ప్రేమను సహించిందే కాని సమానంగా అంగీకరించలేదు. అది వ్యక్తిగత విషయంగా ఉన్నంతకాలం రాజ్యం జోక్యం చేసుకోదు, బహిరంగంగా మాట్లాడితే మాత్రం ఊరుకోదు అన్న అవ్యక్త ఒప్పందం అందులో ఉంది. పాఠశాల బహిరంగ స్థలం. కనుక ఆ ఒప్పందం మొదట పరీక్షకు గురైంది అక్కడే. 1974లో లండన్‌లో గే ఉపాధ్యాయులు ఒక బృందంగా ఏర్పడ్డారు. తరువాతి కాలంలో ‘స్కూల్స్ అవుట్’గా పేరు మార్చుకున్న ఆ బృందం, తరగతి గదిలో విద్యార్థి అడిగిన ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పే హక్కు ఉపాధ్యాయునికి ఉండాలని వాదించింది.

1980ల నాటికి రెండు పరిణామాలు ఏకకాలంలో సంభవించాయి. లేబర్ పార్టీ పాలనలోని కొన్ని స్థానిక సంస్థలు, ముఖ్యంగా లండన్‌లోని హేరింగే వంటివి, పాఠశాలల్లో స్వలింగ ప్రేమికుల పట్ల సదభిప్రాయం కలిగించే విధానాలను ప్రకటించాయి. మరోవైపు ఎయిడ్స్ వ్యాధి భయం సమాజాన్ని ఆవరించింది. బ్రిటిష్ సామాజిక వైఖరుల సర్వేలో స్వలింగ సంబంధాలు ‘ఎల్లప్పుడూ తప్పే’ అన్నవారు 1983లో 50 శాతం ఉండగా, 1987 నాటికి 64 శాతానికి పెరిగారు. సహనం కాలక్రమంలో తనంతట తానే పెరుగుతుందన్న నమ్మకాన్ని ఈ అంకెలు నిలబడనివ్వవు.

ఈ వాతావరణంలో ఒక పిల్లల పుస్తకం వివాద కేంద్రమైంది. డెన్మార్క్ రచయిత్రి సుసానె బోష్ 1981లో ప్రచురించిన ఆ పుస్తకం 1983లో ‘జెన్నీ లివ్స్ విత్ ఎరిక్ అండ్ మార్టిన్’ పేరుతో ఇంగ్లీషులోకి వచ్చింది. అయిదేళ్ల బాలిక తన తండ్రితోను, ఆయన సహచరునితోను గడిపే మామూలు రోజులే దాని ఇతివృత్తం. లండన్ విద్యాధికార సంస్థకు చెందిన ఒక ఉపాధ్యాయ కేంద్రంలో దాని ప్రతి ఉన్నదన్న వార్తను 1986లో పత్రికలు పెద్ద అలజడిగా మార్చాయి. ఉపాధ్యాయుల కోసం ఉంచిన పుస్తకం పసిపిల్లల చేతికి అందుతున్నట్లుగా ప్రచారం సాగింది. అదే ఏడాది లార్డ్స్ సభలో హాల్స్‌బరీ ప్రభువు ప్రవేశపెట్టిన బిల్లు, 1987 ఎన్నికల కారణంగా చట్టం కాకుండా ఆగిపోయింది. ఎన్నికల్లో గెలిచిన ప్రధాని మార్గరెట్ థాచర్ అక్టోబరులో బ్లాక్‌పూల్‌లో జరిగిన పార్టీ మహాసభలో, గేగా ఉండడం తమ హక్కని పిల్లలకు నేర్పుతున్నారని ఆక్షేపించారు. డిసెంబరులో డేవిడ్ విల్‌షైర్ అనే ఎంపీ స్థానిక ప్రభుత్వ బిల్లుకు సవరణగా పాత ప్రతిపాదనను తిరిగి తెచ్చారు. జిల్ నైట్ దానికి గట్టి మద్దతుదారు. అది 1988 మే 24న అమలులోకి వచ్చింది.

చట్ట పాఠం: రెండు పదాలు

సెక్షన్ 28 చాలా చిన్నది. స్థానిక సంస్థలు ఉద్దేశపూర్వకంగా స్వలింగ ప్రేమను ప్రోత్సహించరాదు. ఆ ఉద్దేశంతో ఏదీ ప్రచురించరాదు. ప్రభుత్వ నిధులతో నడిచే పాఠశాలల్లో స్వలింగ ప్రేమను ‘కుటుంబ సంబంధంగా నటించే’ దానిగా ఆమోదయోగ్యమని బోధించడాన్ని ప్రోత్సహించరాదు. వ్యాధి చికిత్సకు, నివారణకు చేసే పనులకు మినహాయింపు ఉంది. చట్టసారం ఇంతే.

ఇందులో రెండు పదాలు ప్రత్యేకంగా విశ్లేషించదగినవి. మొదటిది కుటుంబానికి చేర్చిన విశేషణం. దాన్ని తెలుగులో ‘నటించిన’, ‘బూటకపు’, ‘ఉత్తుత్తి’ అని ఎలా అనువదించినా అర్థం ఒకటే: ఇద్దరు స్త్రీలో ఇద్దరు పురుషులో కలిసి బిడ్డను పెంచుకుంటే అది కుటుంబం కాదు, కుటుంబంలా కనిపించే వేషం. అటువంటి ఇంటినుంచి బడికి వచ్చే బిడ్డ ఒకరున్నారన్న స్పృహ ఆ విశేషణంలో లేదు. ఆ బిడ్డకు తన ఇల్లు నిజమైనది. చట్టం దాన్ని అబద్ధమన్నది.

రెండవది ‘ప్రోత్సహించు’. చట్టం దీన్ని ఎక్కడా నిర్వచించలేదు. నాటక బృందానికి నిధులివ్వడం ప్రోత్సాహమా? గ్రంథాలయంలో నవల ఉంచడం ప్రోత్సాహమా? ఏడుస్తూ వచ్చిన విద్యార్థితో ‘నీలో తప్పేమీ లేదు’ అనడం ప్రోత్సాహమా? అర్థం స్పష్టంగా ఉన్న నిషేధానికి ఒక సరిహద్దు ఉంటుంది. దాని ఇవతల ఎవరైనా నిర్భయంగా నిలబడగలరు. సరిహద్దు కనబడనప్పుడు మనిషి వీలైనంత దూరం వెనక్కి జరుగుతాడు. ప్రోత్సాహం అనే భావనకు ఒక ప్రమేయం కూడా ఉంది. స్వలింగ ప్రేమ చెప్పడం వల్ల అంటుకునేదని, చెప్పకపోతే రానిదని అది అనుకుంటుంది. ఆ ప్రమేయాన్ని చట్టసభ వాదించి నిరూపించలేదు. క్రియాపదమే దానిని నిశ్శబ్దంగా మోసుకొచ్చింది.

పాఠశాలలో చట్టం పనిచేసిన తీరు

విచిత్రమేమంటే, ఈ చట్టం ఉపాధ్యాయులకు నేరుగా వర్తించనే లేదు. 1986 విద్యా చట్టం లైంగిక విద్య బాధ్యతను స్థానిక సంస్థల నుంచి తప్పించి పాఠశాల పాలకవర్గాలకు అప్పగించింది. సెక్షన్ 28 స్థానిక సంస్థలను మాత్రమే కట్టడి చేసింది. 1988లో పర్యావరణ శాఖ విడుదల చేసిన సర్క్యులర్ కూడా, తరగతిలో నిష్పాక్షిక చర్చకు గాని, విద్యార్థులకు సలహాలివ్వడానికి గాని ఈ చట్టం అడ్డు కాదని వివరించింది. అయితే ఉపాధ్యాయులు చదివినది సర్క్యులర్‌ను కాదు, పత్రికల శీర్షికలను. ఉద్యోగం పోతుందేమో, తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తారేమో అన్న సందేహమే చాలా మందికి చట్టమైంది.

ఈ సందేహం ఫలితాన్ని 1997లో లండన్ విశ్వవిద్యాలయ విద్యా సంస్థ పరిశోధకులు నమోదు చేశారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో సమాధానమిచ్చిన 307 మాధ్యమిక పాఠశాలల్లో, స్వలింగ ప్రేమ పేరిట విద్యార్థులను మాటలతో హింసించిన సంఘటనలు తమకు తెలుసని 82 శాతం తెలిపాయి. శారీరక దాడులు జరిగాయని చెప్పినవి 26 శాతం. వేధింపుల నిరోధానికి విధాన పత్రాలు దాదాపు అన్ని పాఠశాలల్లోను ఉన్నాయి. వాటిలో ఈ రకమైన వేధింపును ప్రస్తావించినవి 6 శాతం మాత్రమే. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చదవాలి. పాఠశాలకు హింస కనబడకపోలేదు. కనబడిన హింసకు పేరు పెట్టడానికే అది జంకింది. ఆటస్థలంలో పిల్లలు తిట్టుగా విరివిగా వాడే మాటను తరగతి గదిలో ఉపాధ్యాయుడు అర్థంతో సహా పలకలేకపోయాడు. ఆ విధంగా ఆ మాట మీద పూర్తి అధికారం వేధించేవారికే దక్కింది. హోమోఫోబియాను చట్టం పుట్టించలేదు. దాన్ని ఎదుర్కొనవలసిన పెద్దల నోటిని మాత్రం కట్టివేసింది.

ప్రతిఘటన

మౌనం కోసం చేసిన చట్టం చట్టసభ వెలుపల విపరీత ఫలితాన్నిచ్చింది. 1988 జనవరిలో నటుడు ఇయన్ మెకెలెన్ బీబీసీ రేడియో చర్చలో పాల్గొంటూ తాను గే అని బహిరంగంగా ప్రకటించారు. ఫిబ్రవరి 2న లార్డ్స్ సభ బిల్లుకు అనుకూలంగా ఓటు వేసినప్పుడు కొందరు లెస్బియన్ మహిళలు సందర్శకుల గ్యాలరీ నుంచి తాళ్లతో సభలోకి దిగారు. అదే నెల 20న మాంచెస్టర్‌లో సుమారు 20,000 మంది ఊరేగింపు జరిపారు. చట్టం అమలులోకి వచ్చే ముందురోజు సాయంత్రం బీబీసీ వార్తల ప్రసారం జరుగుతుండగానే మహిళలు స్టూడియోలో ప్రవేశించి నిరసన తెలిపారు. 1989లో స్టోన్‌వాల్ అనే సంస్థ ఏర్పడింది. అంతవరకు చెదురుమదురుగా ఉన్న స్త్రీ, పురుష బృందాలను ఒక వేదిక మీదికి తెచ్చిన ఘనత పరోక్షంగా ఈ చట్టానిదే. కాని ఈ ఉద్యమ స్వరం వీధుల్లో, ప్రసార మాధ్యమాల్లో వినిపించినంతగా బడిగోడల లోపల వినిపించలేదన్నది మరువరాని వాస్తవం.

రద్దు: రెండు మార్గాలు

రద్దు ప్రక్రియ స్కాట్లండ్‌లో ఒక విధంగా, ఇంగ్లండ్, వేల్స్‌లలో మరొక విధంగా సాగింది. స్కాట్లండ్‌లో కొత్తగా ఏర్పడిన పార్లమెంటు ఈ అంశాన్ని తొలి కార్యాల్లో ఒకటిగా స్వీకరించింది. దానిని అడ్డుకోవడానికి వ్యాపారవేత్త బ్రయాన్ సూటర్ సొంత ఖర్చుతో తపాలా ద్వారా ప్రజాభిప్రాయ సేకరణ నిర్వహించారు. ఓటర్లలో దాదాపు మూడింట ఒక వంతు స్పందించగా, వారిలో 86 శాతానికి పైగా చట్టం ఉండాలన్నారు. అయినా 2000 జూన్ 21న పార్లమెంటు 99–17 ఓట్లతో రద్దును ఆమోదించింది. అల్పసంఖ్యాకుల గౌరవం మెజారిటీ సమ్మతిపై ఆధారపడి ఉండాలా అన్న ప్రశ్నకు ఆ ఓటింగు ఒక సమాధానం.

ఇంగ్లండ్, వేల్స్‌ల విషయంలో లార్డ్స్ సభ 2000లో రద్దును తిరస్కరించింది. చివరకు 2003 స్థానిక ప్రభుత్వ చట్టం ద్వారా రద్దు సాధ్యమై, నవంబరు 18న అమలులోకి వచ్చింది. ఆరేళ్ల తరువాత 2009లో, ఆ చట్టాన్ని తెచ్చిన కన్సర్వేటివ్ పార్టీ నాయకుడు డేవిడ్ కామెరాన్ దానికి క్షమాపణ చెప్పారు.

ఈ మధ్యకాలంలో ఒక చిన్న వివరం ఈ వ్యాస ప్రతిపాదనకు కీలకం. 2000 జూలైలో విద్యాశాఖ లైంగిక విద్యపై పాఠశాలలకు మార్గదర్శకాలిచ్చింది. స్వలింగ ప్రేమ పేరిట జరిగే వేధింపును పాఠశాలలు అరికట్టాలని, విద్యార్థులందరి అవసరాలను గుర్తించాలని అవి తొలిసారి గట్టిగా చెప్పాయి. అదే పత్రంలో, లైంగిక అభిరుచిని నేరుగా ప్రోత్సహించరాదన్న వాక్యం కూడా చేరింది. చట్టాన్ని రద్దు చేయాలనుకున్న ప్రభుత్వమే ఆ చట్టపు క్రియాపదాన్ని తన మార్గదర్శకాల్లో భద్రపరిచింది. శాసనం పోయినా దాని భాష పాలనా వ్యవహారంలో మిగిలే తీరుకు ఇది మంచి ఉదాహరణ.

రద్దు తరువాత

రద్దు నిషేధాన్ని తొలగించింది, బాధ్యతను ఏర్పరచలేదు. పదిహేనేళ్లు మాట్లాడని ఉపాధ్యాయులకు మాట్లాడే భాష తెలియలేదు. వారి శిక్షణలో, పాఠ్యపుస్తకాల్లో, పాఠశాల గ్రంథాలయాల్లో ఆ ఖాళీ అలాగే మిగిలింది. దాన్ని పూరించడానికి ఉద్యమకారులు విధాన పత్రాల కంటే ముందు చరిత్రను ఆశ్రయించడం గమనార్హం. స్కూల్స్ అవుట్‌కు చెందిన స్యూ శాండర్స్, పాల్ పాట్రిక్‌ల చొరవతో 2005 ఫిబ్రవరిలో బ్రిటన్ తొలి ఎల్‌జిబిటి చరిత్ర మాసం జరిగింది. వైల్డ్, ట్యూరింగ్ వంటివారిని పాఠంలో సంపూర్ణ వ్యక్తులుగా పరిచయం చేయడం వేధింపు వద్దని ప్రబోధించడం కంటే ఎక్కువ పని చేస్తుందన్నది దాని వెనుక ఉన్న ఆలోచన.

2010 సమానత్వ చట్టం దిశ మార్చింది. వివక్షను తొలగించడం, సమాన అవకాశాన్ని పెంపొందించడం ప్రభుత్వ సంస్థల విధి అని అది నిర్దేశించింది. ‘చేయరాదు’ స్థానంలో ‘చేయాలి’ వచ్చింది. 2020 సెప్టెంబరు నుంచి ఇంగ్లండ్‌లో సంబంధాల విద్య తప్పనిసరి అయింది. స్టోన్‌వాల్ సర్వేల్లో వేధింపుకు గురయ్యామన్న విద్యార్థులు 2007లో 65 శాతం, 2012లో 55 శాతం, 2017లో 45 శాతం. స్పందించినవారి మాటలపై ఆధారపడిన సర్వేలు గనుక వీటిని ఖచ్చితమైన కొలతలుగా గాక, ధోరణికి సూచికలుగా గ్రహించాలి. ధోరణి ఆశాజనకమే. అయితే చట్టం రద్దయిన పద్నాలుగేళ్లకు కూడా దాదాపు సగం మంది బాధితులుగా ఉండడం, మౌనం విడిచిన నష్టం ఎంత కాలం నిలుస్తుందో చెబుతుంది. 2019లో బర్మింగ్‌హామ్‌లోని ఒక ప్రాథమిక పాఠశాల ముందు సమానత్వ పాఠాలకు వ్యతిరేకంగా తల్లిదండ్రులు నెలల తరబడి నిరసన తెలిపారు. వారి ఆరోపణ కూడా ‘ప్రోత్సహిస్తున్నారు’ అన్నదే. ఆ నిరసనకారుల్లో ఎక్కువ మంది స్వయంగా ముస్లిం అల్పసంఖ్యాకులు. కనుక దాన్ని అజ్ఞానమని కొట్టివేయడం కంటే, ఒక అల్పసంఖ్యాక వర్గపు విశ్వాసం, మరొక వర్గపు గౌరవం బడిలో ఎలా కలిసి నిలవగలవన్న ప్రశ్నగా స్వీకరించడం న్యాయం.

భారతీయ సందర్భం

ఈ చరిత్రతో భారతదేశానికి ఉన్న సంబంధం పోలికకు మాత్రమే పరిమితం కాదు. ఇంగ్లండ్‌లోని పాత నేరభావనే 1860 భారత శిక్షాస్మృతిలో 377వ సెక్షన్‌గా ఇక్కడికి వచ్చింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు వయోజనుల సమ్మత సంబంధాలను దాని పరిధి నుంచి తప్పించింది. హైదరాబాదు సంస్థానంలో 1329 ఫస్లీ, అనగా 1919 నాటి శాసనం హిజ్రాల పేర్లను రిజిస్టరులో నమోదు చేయించి, స్త్రీ వేషంలో బయట కనిపించినంత మాత్రాన వారంటు లేకుండా నిర్బంధించడానికి వీలు కల్పించింది. తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది.

న్యాయస్థానాలు నేరాన్ని తొలగించాయి. బడి సంగతి వేరు. భారతదేశంలో సెక్షన్ 28 వంటి చట్టమేదీ లేదు. మౌనానికి ఇక్కడ చట్టం అవసరం కాలేదు. 2021 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక తీర్పులో పాఠశాలలు, విశ్వవిద్యాలయాలతో సహా పలు సంస్థలకు ఎల్‌జిబిటి వర్గాల విషయమై అవగాహన కల్పించాలని సూచించింది. అదే ఏడాది నవంబరులో, ట్రాన్స్‌జెండర్ పిల్లలను పాఠశాల విద్యలో కలుపుకోవడంపై ఉపాధ్యాయుల కోసం ఎన్‌సీఈఆర్‌టీ రూపొందించిన కరదీపిక వెబ్‌సైటులో చేరిన కొద్ది రోజులకే, అభ్యంతరాలు వచ్చిన పిదప, తొలగించబడింది. అక్కడ 1988లో చట్టం చేసిన పనిని ఇక్కడ 2021లో ఒక ఫిర్యాదు చేయగలిగింది.

ముగింపు

సెక్షన్ 28 చరిత్ర మూడు అంశాలను స్పష్టం చేస్తుంది. ఒకటి, అస్పష్టమైన భాష స్పష్టమైన నిషేధం కంటే ఎక్కువ దూరం పనిచేస్తుంది. రెండు, బడి మౌనంగా ఉంటే అది తటస్థంగా ఉన్నట్లు కాదు. ఆ మౌనం ఆటస్థలంలోని బలవంతునికి అండ అవుతుంది. మూడు, నిషేధాన్ని ఎత్తివేయడంతో సమానత్వం రాదు; దాన్ని ఒక విధిగా రాసి, ఆ విధిని నిర్వర్తించే భాషను ఉపాధ్యాయులకు అందించాలి.

ఈ మూడవ అంశం తెలుగు అధ్యయన శాఖలకు నేరుగా వర్తిస్తుంది. తెలుగు బడుల్లో ఈ పిల్లలను ఉద్దేశించి వినబడే మాటల్లో అధికభాగం తిట్లే. వాటికి ప్రత్యామ్నాయంగా గౌరవంతో పలకదగిన పదజాలాన్ని నిఘంటువుల్లో, వాచకాల్లో, ఉపాధ్యాయ శిక్షణలో నిలబెట్టడం భాషావేత్తలు, సాహిత్య పరిశోధకులు చేయవలసిన పని. బ్రిటన్ ఉపాధ్యాయులను చట్టంలోని ఒక్క మాట పదిహేనేళ్లు ఆపింది. తెలుగు ఉపాధ్యాయుని ఆపుతున్నది సరైన మాట లేకపోవడం.